రాతి బల్ల

"కాస్త జరుగుతారా పెద్దమ్మా, ఫొటోలో పడుతున్నారు."

లాడ్జి ఆవిడ తన బల్ల మీంచి తనే లేచి పక్కకి జరిగింది. లాడ్జి వెనక, సరస్సు ఒడ్డున ఉంది ఆ రాతి బల్ల. పదకొండు గదుల దుప్పట్లు ఉతికి ఆరేశాక, మధ్యాహ్నం మూడింటికి ఒక్క గంట అక్కడ కూర్చునేది. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని గంట, రోజు మొత్తంలో తనకంటూ ఉన్నది అదొక్కటే. ఇప్పుడు దాని చుట్టూ పాతికమంది. ఒకామె తడి చెప్పులు తెచ్చి దానిమీదే ఆరబెట్టింది.

గొణుక్కుంటూ ముందుగదిలోకి వచ్చేసరికి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, మెడలో కెమెరా.

"గుర్తుపట్టారా అక్కయ్యగారూ? పోయినేడు వచ్చాను."

గుర్తుపట్టకేం. 'ఆసియాలో ఎవరికీ పట్టని చోట్లు' అంటూ వారంవారం పత్రికలో రాసే ఒంటరి యాత్రికుడు. పోయినేడు అతను రాసిన ముక్కలు ఆవిడకి కంఠతా వచ్చు. 'లాడ్జి వెనక రాతి బల్ల ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. ఒకావిడ కోపంగా చూస్తుంది. పట్టించుకోకండి, అది అక్కడివాళ్ళ అమాయకత్వం.'

"మీ పుణ్యమా అని జనం బాగా వస్తున్నారు" అంది.

"చూశారా మరి. గదులన్నీ నిండుతుంటాయి."

"నిండుతున్నాయి. దుప్పట్లు ఉతికేది నేనే."

అదేదో జోకన్నట్టు అతను పగలబడి నవ్వాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. దుప్పట్లు బాదే కర్ర అందుబాటులో ఉంటే ఏమయ్యేదో గానీ, అందిన రిజిస్టరునే అతని ముందుకి తోసింది.

"అడ్రసు పూర్తిగా రాయండి. వీధి, ఇంటి నంబరు, అన్నీ. రూలు."

అతను బుద్ధిగా రాయడం మొదలుపెట్టాడు.

"ఇన్ని చోట్లు తిరుగుతారు కదా, మీ ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఉంటుందా?" అంది ఏమీ ఎరగనట్టు.

"ఎందుకుండదండీ. పెరట్లో జామచెట్టు కింద వాలుకుర్చీ వేసుకుంటాను. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడే రాసుకోవడం. మా ఆవిడ కూడా అటు రాదు. గిన్నె చప్పుడైతే ఊరుకోను."

"బయటివాళ్ళెవరూ రారా?"

"పక్క సందులో చిన్న గేటుంది గానీ, అదున్నట్టే ఎవరికీ తెలీదు. తాళం కూడా వెయ్యం."

"తాళం కూడా వెయ్యరన్నమాట."

"మీకూ ఇలాంటి చోటేదైనా తెలిస్తే మా పత్రికకి పంపండి. పాఠకుల పేజీ ఉంది, ఎడిటరు ఏదొచ్చినా వేసేస్తాడు. నేనైతే ఆ పేజీ చూడను కూడా."

"నాకు రాయడం ఎక్కడొచ్చు బాబూ."

"అదేమంత పనండీ, నేను రాసినట్టే రాసెయ్యండి."

ఆ రోజు ఆవిడ అతనికి మంచి గది ఇచ్చింది. కొత్త దుప్పటి కూడా వేసింది.

రెండు నెలల తర్వాత ఓ ఆదివారం పొద్దున, యాత్రికుడు వాలుకుర్చీలో కూర్చుని కలం మూత తీశాడో లేదో, సందువైపు గేటు కిర్రుమంది. ముందు గొడుగుతో ఒకాయన, వెనక ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక చాప చంకన పెట్టుకుని ఒక కుటుంబం. అందరూ తాపీగా పెరట్లోకి వచ్చేశారు.

యాత్రికుడు కుర్చీలోంచి లేచి గేటు దగ్గరకి పరిగెత్తాడు. "ఎవరు మీరు? ఎవరి ఇల్లనుకున్నారు? బయటికి నడవండి" అని అరిచాడు.

వాళ్ళు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. గొడుగాయన పత్రిక విప్పి పైకే చదివాడు.

"'పక్క సందులో చిన్న గేటు. తాళం ఉండదు. పొద్దున ఆరింటికి వెళ్ళండి. ఒకాయన అరుస్తాడు. పట్టించుకోకండి, అది అక్కడివాళ్ళ అమాయకత్వం.' పొల్లుపోకుండా రాశారండీ."

యాత్రికుడు ఆ పత్రిక లాక్కుని చూశాడు. గేటు బయట ఇంకో పదిమంది చెప్పులు విడుస్తున్నారు. ఆ చదివిన మాటలు ఎక్కడివో అతనికి తట్టేసరికి వెనక వాలుకుర్చీ చప్పుడైంది, గిరుక్కున అటు తిరిగాడు.

కుర్చీలో లాడ్జి ఆవిడ తీరిగ్గా వాలి కూర్చుని ఉంది.

"కాస్త జరుగుతారా బాబూ, ఫొటోలో పడుతున్నారు."