టెంటులో చుట్టం

“నా సంచి! అయ్యో, నా సంచి పోయింది!”

మైకులో నినాదం ఎత్తుకోబోతున్న షారోన్ ఆగి చూసింది. మార్కాపురం బస్టాండు వైపు నుంచి ఒక పెద్దావిడ ఎండలో ఆయాసపడుతూ టెంటు దగ్గరికి వస్తోంది.

“ఎక్కడ పోయింది అవ్వా?”

“అది తెలిస్తే పోవడమెందుకు? ఒంగోలు బస్సులో వచ్చాను. దిగాక చూసుకుంటే చేతిలో లేదు. ఫోనూ అందులోనే, మావాడి అడ్రసూ అందులోనే.” అంతలోనే ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. “మీరేనా ఆ ధర్నా పిల్లలు?”

“మేమే. కరవంలే, వచ్చి కూర్చో,” అన్నాడు తిమోతి. టెంటంతా నవ్వింది.

షారోన్ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ పేరు వెంకటరత్నమ్మట, చీరాల నుంచి వచ్చిందట.

“బస్సులో అందరూ మీ ఊసే,” అంది నీళ్ళు తాగి. “మార్కాపురం పాడైపోయింది, పిల్లలు రాళ్ళు వేస్తున్నారు అన్నారు. మావాడూ ఫోనులో అదే మాట. ఊరు మంచిది కాదు, ఇప్పుడు రావద్దన్నాడు. అందుకే చెప్పకుండా వచ్చేశాను.”

షారోన్‌కు మనసు చివుక్కుమంది. కాలేజీ గేటు ముందు టెంటు వేసినప్పటి నుంచి ఒక్క రాయి పడింది లేదు. మొదటి రోజు కాసేపు బస్సులు ఆపిన మాట నిజమే. టీవీవాళ్ళకు ఆ కాసేపే దొరికింది. అదే తిప్పి తిప్పి చూపించారు.

“ఆ బస్సు గిద్దలూరు పోతాది. ఇప్పుడు కంభం దరిదాపుల్లో ఉంటాది,” అంటూ తిమోతి ఫోను తీశాడు. “ఉమేష్‌గాడు కంభంలోనే ఉన్నాడు. బస్టాండుకు ఉరకమంటా. సంచి ఎట్ల ఉంటాది అవ్వా?”

“ఆకుపచ్చది. పైన జంతికల డబ్బా ఉంటుంది.”

“డబ్బా సంగతి వానికి చెప్పొద్దురా. సంచి వస్తాది, జంతికలు రావు,” అన్నారెవరో వెనక నుంచి.

“మీ అబ్బాయి పేరు చెప్పు అవ్వా, ఊర్లో అడిగి కనుక్కుంటాం,” అంది షారోన్.

వెంకటరత్నమ్మ కళ్ళజోడు సర్దుకుని వెనక కట్టిన బ్యానరు చదువుతోంది. కాలేజీ పేరు మొదలుకొని అడుగున ఎర్ర అక్షరాల్లో ఉన్న ‘కరస్పాండెంటు డౌన్ డౌన్’ దాకా నెమ్మదిగా చదివింది.

“తొందరేముందిలే, ఫోను రానీ. ఇంతకీ మీకేం కావాలి?”

“మా సర్టిఫికెట్లు,” అంది షారోన్. “గవర్మెంటు ఇచ్చే ఫీజు డబ్బు కాలేజీకి రాలేదంట. మీరే కట్టి తీసుకుపోండి అంటాడు కరస్పాండెంటు. మా నాయన కూలికి పోతాడు, యాడ తెస్తాడు? నర్సింగ్ పాసయినా. నెల్లూరులో ఉద్యోగం ఇచ్చినారు. సోమవారం సర్టిఫికెట్లు చూపించకపోతే అది వేరేవాళ్ళకు పోతాది.”

“ఆయన్ని అడిగారా?”

“ఎట్ల అడిగేది? నల్లకారులో వస్తాడు. అద్దం దించకుండ లోపలికి పోతాడు.”

“అద్దం దించడా?”

“ఒక్కరోజు కూడా దించలే.”

వెంకటరత్నమ్మ కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాచింది. “ఆ మైకు ఇలా ఇవ్వు. డౌన్ డౌన్ అంటే కారులోకి వినపడదమ్మాయ్.” గొంతు సవరించుకుని ఒక్కసారిగా అరిచింది. “కరస్పాండెంటు గారూ! కారు అద్దం దించాలి!”

పిల్లలు ఒక్కక్షణం నోళ్ళు తెరుచుకుని చూశారు. వెంటనే టెంటు ఎగిరిపోయేంతగా అందుకున్నారు.

“దించాలి! దించాలి!”

రోడ్డు మీద పోతున్న బస్సులోంచి జనం తలలు బయటపెట్టి నవ్వారు. ఎవరో చెయ్యి ఊపారు. ఇన్నాళ్ళలో టెంటు వైపు చూసి బయటి ఊరివాళ్ళు చెయ్యి ఊపడం షారోన్ చూడలేదు.

మధ్యాహ్నం వెంకటరత్నమ్మ వాళ్ళతోపాటు పులిహోర తింది. ఉప్పు తక్కువైందని వంక పెట్టి, మళ్ళీ పెట్టించుకుంది.

“చిన్నప్పుడు నేను అఆలు దిద్దింది మీ ఊరి పలక మీదే,” అంది చెయ్యి కడుక్కుంటూ. “పలకల ఊరు రౌడీల ఊరెలా అయిందా అనుకుంటూ వచ్చాను. రాకపోతే అలాగే అనుకుంటూ పోయేదాన్ని.”

ఉమేష్ సంచితో కంభం బస్సు దిగాడు. అతని మీసాలకు జంతికల పొడి అంటి ఉంది. సంచిలో ఫోను మోగుతోంది. వెంకటరత్నమ్మ తీరిగ్గా తీసింది.

“ఆఁ, మార్కాపురంలోనే ఉన్నాను… ఎవరూ ఏమీ చెయ్యలేదురా, అన్నం పెట్టారు. ఊరు మంచిది కాదన్నావు, ఊరికేం? బంగారం లాంటి ఊరు… నేను రాను, నువ్వే రా. కాలేజీ గేటు దగ్గరున్నాను.”

“మమ్మల్ని చూస్తే మీ అబ్బాయి భయపడతాడేమో అవ్వా,” అన్నాడు తిమోతి.

“కొంచెం పడితే మంచిదేలే,” అందావిడ.

కాసేపటికి నల్లకారు వచ్చింది. ఎప్పటిలా దూసుకుపోలేదు. టెంటు ముందు ఆగింది. అద్దం దిగింది. షారోన్ మైకు పక్కన పెట్టి లేచింది. చర్చలకే వచ్చినట్టున్నాడు! కరస్పాండెంటు కారు దిగి, చెప్పులు విడిచి టెంటులోకి అడుగు పెట్టాడు. నినాదాలు ఆగిపోయాయి. షారోన్ గబగబా ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

పొద్దు వాలింది. కరస్పాండెంటు ఎంత బతిమాలినా వాళ్ళమ్మ ఇంకా లేవలేదు.