తప్పుల్లేని మతిమరుపు

మతిమరుపు జబ్బుందని డాక్టరు రాసిస్తే కేసు ఉండదు. రాయలేదా, లెక్కల మాస్టారు ఈ వయసులో దొంగగా కోర్టు మెట్లెక్కాలి.

నెల రోజుల్లో మూడుసార్లు, అదే సూపర్ మార్కెట్లో, బిల్లు వేయించని సరుకుతో పట్టుబడ్డారు. సరుకంటే ఏ వెండీ బంగారమో అనుకునేరు. ఒకసారి పాలసీసా, ఒకసారి చంటిపిల్లల మేజోళ్లు, మూడోసారి గిలక్కాయ. రిటైరైన పెద్దమనిషికి గిలక్కాయెందుకో పోలీసులకీ అంతుబట్టలేదు. "సంచీ నాదే, అందులో వేసిందీ నేనే. ఎందుకు వేశానో గుర్తులేదు" అని మాస్టారిది ఒకటే పాట. "అయితే డాక్టరు చేత ఆ మాటే రాయించుకురండి" అని ఓ కాగితం చేతికిచ్చి పంపారు వాళ్లు.

భార్యని వెంటబెట్టుకొచ్చి, ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి, మాస్టారు లోపలికెళ్లారు. డాక్టరమ్మ పరీక్ష కాగితం తీసింది. పది నిమిషాల పని.

"ఇవాళ ఏ వారం మాస్టారూ?"

"ఆదివారం. సెలవేగా."

ఆ రోజు బుధవారం.

"వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పండి."

"తొంభై మూడు..." మాస్టారు గబుక్కున లేచారు. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చానమ్మా. పొంగిపోతాయి, నే వెళ్లాలి."

బతిమాలి కూర్చోబెట్టి గడియారం బొమ్మ వెయ్యమంటే, పన్నెండు అంకెలనీ ఒక పక్కకే కుక్కారు. గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో ఒక్కటీ చెప్పలేదు సరిగదా, "మీరెప్పుడు చెప్పారూ?" అని ఎదురడిగారు. నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా తప్పు మీద తప్పు చేసుకుపోయారు.

డాక్టరమ్మ మార్కులు పైకి చదువుతూ కూడింది. "నాలుగు, మూడు, రెండు, మూడు. ముప్పైకి మొత్తం పదకొండు. పాపం, బాగా ముదిరింది."

"పన్నెండమ్మా" అన్నారు మాస్టారు.

అనేసి నాలిక్కరుచుకున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తప్పు కూడిక చెవిన పడితే ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ కలం మూసింది. "కావాలనే ఒకటి తగ్గించాను. పోలీసు కాగితంతో వచ్చారు కదా, అనుమానమేసింది."

మాస్టారు కుర్చీలోంచి లేవబోయారు.

"లేని జబ్బు ఉందని నేను రాయలేను మాస్టారూ. కానీ ఒక్క సంగతి చెప్పండి. నటించేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. పేరడిగితే తెలీదంటారు, రెండూ రెండూ ఐదంటారు. మీరలా కాదు. మీవి అచ్చం జబ్బున్నవాళ్లు చెప్పే జవాబులే. ఇంత బాగా ఎవరు నేర్పారు మీకు?"

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పకూడదనే వచ్చారు. కానీ దాచి దాచి ఆయనకీ ఓపిక అయిపోయింది. తలుపు అద్దంలోంచి బయట బల్ల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"జవాబులు మా ఆవిడవి డాక్టరమ్మా. దొంగతనాలు కూడా."