ఓనరు వేషం

“మీ సైటులో నడుస్తున్న గొడవనే తీసుకోండి. ఒకరు కాంట్రాక్టరుగా, ఒకరు ఓనరుగా నటించండి. ఎదురెదురుగా కూర్చుని రాజీకి రండి,” అంది వరూధిని.

నిర్మాణ కాంట్రాక్టుల్లో వచ్చే తగాదాలు ఎలా తీర్చుకోవాలో బెంగళూరులో ఇంజనీర్లకు నేర్పుతుందామె. ఫీజు కడితే ఎవరైనా కూర్చోవచ్చు.

అది 2003. ఆ క్లాసుకు వచ్చిన శశిధర్ ఒక కాంట్రాక్టు కంపెనీలో మేనేజరు. దేవనహళ్ళిలో వాళ్ళు కడుతున్న ఆసుపత్రి పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. ఆలస్యం మీవల్లంటే మీవల్లని రెండు పక్షాలూ నోటీసులు ఇచ్చుకున్నాయి. ఆ తర్వాతే శశిధర్ కంపెనీలో చేరాడు. ఓనరు జ్ఞానప్రకాశాన్ని అతను చూసింది లేదు. మాటలన్నీ లాయర్ల ద్వారానే.

ఒక పెద్దాయన వచ్చి అతని ఎదుట కూర్చున్నాడు.

“నేను ఓనరుగా ఉంటానప్పా. నీ గొడవేందో చెప్పు.”

శశిధర్ చెప్పాడు.

పెద్దాయన వాదించలేదు.

“తప్పు నాదే. ప్లాన్లు టయానికి ఇయ్యలేదు. మా ఇంటామె పోయింది. ఆస్పత్రి కట్టాలన్నది ఆమె. ఆ కాగితాలు ముట్టుకోను చెయ్యి రాలేదు.”

కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“పెనాల్టీ ఏమొద్దు. సోమవారం పని మొదలుపెడతావా?”

పక్కవాళ్ళు నవ్వారు. శశిధరూ నవ్వాడు.

“బాగా చేశారు సార్. కానీ మా అసలు ఓనరు బండరాయి.”

పెద్దాయన నవ్వలేదు. టీ తాగేటప్పుడు దగ్గరికి వచ్చాడు.

“ఆయన్ను కలిసి మాట్లాడకూడదా అప్పా?”

“కలిస్తే కేసు పాడవుతుందని మా లాయర్ చెప్పాడు సార్.”

“ఆయనే నీకాడికి వస్తే?”

“తలుపు వేసేస్తాను. కేసు తేలేదాకా అంతే.”

పెద్దాయన తల ఊపి, సగం తాగిన కప్పు పక్కన పెట్టాడు. భోజనాల తర్వాత క్లాసులో కనిపించలేదు.

వారం తిరక్కుండానే కంపెనీ ఆర్బిట్రేషన్‌కు వెళ్ళింది. మధ్యవర్తి తీర్పు చెప్పేదాకా పని లేదు.

సైటులో మేస్త్రీ నర్సింహులు అడిగాడు.

“పనెప్పుడు షురూ అయితది సారూ? గుడిసెలల్ల ఉత్తగనే కూసున్నం.”

తీర్పు రావాలన్నాడు శశిధర్. నర్సింహులు మనుషులు మూటలు కట్టుకుని పాలమూరు బస్సెక్కారు.

మొదటి విచారణ నాటికి జ్ఞానప్రకాశం లేడు. గుండెపోటుతో పోయాడు. అవతలి పక్షాన ఇద్దరు కొడుకులు, కూతురు జెస్సీ కూర్చున్నారు. పెనాల్టీలో పైసా కూడా వదలబోమన్నారు కొడుకులు. శశిధర్ కంపెనీ కూడా తగ్గేది లేదంది.

బయట వరండాలో జెస్సీ ఒక్కతే నిలబడి ఉంది. శశిధర్ వెళ్ళాడు.

“మీరైనా అన్నలకు చెప్పి చూడండి మేడం.”

“చెప్పినాను. నా మాట ఎవురు వింటారు? స్థలం వాళ్ళ పేరున ఉండాది.”

“నా మాటా మా కంపెనీలో సాగట్లేదు.”

జెస్సీ లోపలికి వెళ్ళబోయింది.

“మీ నాన్నగారిని ఒక్కసారైనా కలిసుంటే బాగుండేది,” అన్నాడు శశిధర్.

జెస్సీ అతని వైపు చూసింది.

“కలిసినారు సార్. ఆ పొద్దు క్లాసులో మీ ఎదురుగా కూర్చోని, సోమవారం పని మొదలుపెడతావా అని అడిగింది మా నాయనే.”