ఊదితేనే ఫిర్యాదు

స్టేషన్‌లో ఇప్పుడు ఫిర్యాదు రాసుకునేది మిషనే. ముందు దాని గొట్టంలోకి ఊదాలి. మందు వాసన తగిలితే ఆడపిల్ల మాట చెల్లదు. పంతొమ్మిదేళ్ల రవళి ఊదడం ఇది నాలుగోసారి. మళ్లీ ఎర్రలైటే.

"వాడు నన్ను పాడుచేసిన నాడు నేను తాగలేదక్కా. అప్పటిసంది తాగకపోతే నిద్ర పడతలేదు. కండ్లు మూస్తే వాడే."

కానిస్టేబుల్ బాలమణి అటూ ఇటూ చూసి గొట్టం తుడిచింది.

"ఊకో బిడ్డా. నీ బదులు నేను చెప్త."

ఆమె ఊదగానే పచ్చలైటు వెలిగింది.

"ఎప్పుడు జరిగింది?" అని మిషన్ అడిగింది.

రవళి చెప్పిన తేదీ చెబుదామనే బాలమణి నోరు తెరిచింది.

"ఇరవై రెండేండ్లాయె," అనేసింది.

"గడువు దాటింది," అంది మిషన్. ఎర్రలైటు వెలిగింది.