గున్నమ్మ శోకాలు

అనూరాధ టీచరు తల్లి జగ్గమ్మ శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారో లేదో, గున్నమ్మ వచ్చిపడింది.

వీధి మొగలోనే కొప్పు విప్పుకుంది. శవం కాళ్ల మీద పడి, గుండెలు బాదుకుంటూ రాగం అందుకుంది.

"ఒక్క మాటైనా సెప్పకుండా ఎళ్లిపోనావా! నన్నొగ్గేసి ఎళ్లిపోనావా! ఎంత సలేస్తందో! ఒంటిమీద బట్టయినా ఆరిందో నేదో! నీకోసం వండిన సేపల కూర సల్లారిపోనాదే!"

అనూరాధకు ఒళ్లు మండింది. అమ్మ ఎన్నాళ్లో మంచం పట్టి, అందరికీ పేరుపేరునా చెప్పే పోయింది. పొడి దుప్పట్లో, కూతురి ఒళ్లో పోయింది. చేపల వాసనే ఆమెకు గిట్టదు. గున్నమ్మ చేపల గంప ఏనాడూ ఈ గడప తొక్కలేదు.

ఒక్క మాటా నిజం కాదు.

భోగాపురం దగ్గరి ఈ ఊరికి జూన్‌లో బదిలీ మీద వచ్చినప్పుడు తనూ అమ్మా ఇద్దరు. ఇప్పుడు తనొక్కతే. కన్నీరు రాలేదు. ఊరంతా గున్నమ్మనే చూస్తోంది.

"సినిమాల్లో ఉండాల్సిన మనిషి!" అన్నారెవరో.

"గున్నమ్మ ఏడవందే మా ఊళ్లో శవం లెగదు టీచరమ్మా," అంది పక్కింటి లక్ష్మణమ్మ. "ఏడవనియ్యండి. మీకేటి పోద్ది?"

శవం వెనకాల వీధి పొడుగునా గున్నమ్మ ఏడుస్తూ నడిచింది. తన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుళాయి కట్టేసినట్టు ఆపేసింది. ముఖం తుడుచుకుంది. కొప్పు ముడిచింది. రూపాయి కాసంత బొట్టు సరిచేసుకుని, గాజులు సవరించుకుని లోపలికి వెళ్లిపోయింది.

అనూరాధ చూసింది. నాటకం. వేషం. అతి. మాటలు ఒక్కొక్కటే ఏరి పెట్టుకుంది.

పెద్దకర్మ ముందురోజు లక్ష్మణమ్మను తోడు తీసుకుని గున్నమ్మ ఇంటికి వెళ్లింది. గున్నమ్మ ఉతికిన లుంగీ తీగ మీద ఆరేస్తోంది.

"రేపు భోజనానికి రా గున్నమ్మా. ఏడవడానికి మాత్రం రాకు."

గున్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కువైపోనాదేటి టీచరమ్మా?"

"అమ్మను నువ్వు ఎరగవు. నాకే రాని ఏడుపు నీకెలా వస్తుంది?"

గున్నమ్మ గుమ్మంవైపు భయంగా చూసి గొంతు తగ్గించింది.

"ఇక్కడ ఏడుపు మాటెత్తకండమ్మా. రేపొక్కరోజే... కొంచెంసేపు. మల్లీ ఊళ్లో ఎవులు పోతారో, ఎప్పుడో."

ఎంత సిగ్గులేని మాట! "వద్దంటే వద్దు," అని అనూరాధ వెనుదిరిగింది.

సందు మలుపు తిరిగాక లక్ష్మణమ్మ ఆగింది.

"దాని మొగుడు తుపానునాడు సంద్రం మీద సేపల వేటకెల్లి మరి రానేదు టీచరమ్మా, శవం దొరక్కుండా పెళ్లాం సొంత గుమ్మంలో ఏడిస్తే ఆడింక రాడని మా కట్టుబాటు, అందుకే ఊళ్లో ఎవులు పోతే ఆల మీద పడి అది ఆడికోసం ఏడుస్తాది."