ఆటలో లేని చోటు

సువర్చల పదకొండో ఏట కంప్యూటర్ ఆటలో కట్టుకున్న నగరాన్నే, ముప్పై ఏళ్ల తర్వాత యంత్రాలు నేలమీద అచ్చుగుద్దినట్టు కట్టాయి. ఇప్పటికీ ఆటలో ఆమె ఏ బొమ్మ పెడితే బయట అదే లేస్తుంది. జనం వచ్చి చేరారు. ఆ ఊళ్లో మొదటి చావు ఏసోబు భార్యది.

"మా ఆవిడ్ని ఎక్కడ పెట్టాలమ్మా?" అంటూ ఏసోబు గుమ్మంలో నిలబడ్డాడు.

సువర్చల ఆ పాత ఆట తెరిచి బొమ్మలన్నీ వెతికింది. స్టేడియం ఉంది, విమానాశ్రయం ఉంది, శ్మశానం లేదు. ఆ ఆటలో ఎవరూ చనిపోయేవారు కాదు.

"తోట బొమ్మ ఒక్కటే ఉందండీ," అంది తలెత్తకుండా.

"మేమూ సమాధుల తోటనే అంటామమ్మా."

ఆమె తెరమీద ఏటి ఒడ్డున వేలు ఆనించింది. "ఎంత పెద్దది పెట్టమంటారు?"

ఏసోబు కిటికీలోంచి ఊరంతా చూశాడు.

"అందరం పట్టాలి గదమ్మా."