జమ్ములో పుంజు

"ఇంకా పది కాలేదు. ముట్టుకోకు," అన్నాడు వెర్లిన్, ట్రక్కు అద్దంలోంచి బయటికి చూస్తూనే.

తుపాకీ మీదికి పోతున్న చేతిని క్రెయిగ్ వెనక్కి తీసుకున్నాడు. యాభై ఏళ్లు నిండినా తండ్రి పక్కన కూర్చుంటే అతను పిల్లాడే. సౌత్ డకోటాలో ఫెజెంట్ అనే అడవికోళ్ల వేట పొద్దున పది కొట్టేదాకా మొదలుపెట్టకూడదు. డెబ్బై తొమ్మిదేళ్ల వెర్లిన్ ఆ నియమాన్ని ఒక్క నిమిషం కూడా తప్పి ఎరగడు. ఆయన తన మీద తానే పెట్టుకున్న నియమం ఇంకొకటుంది. వేటకు డబ్బు కట్టడు.

కంచెకు అవతల డ్వేన్ శాటర్ పొలం. ఒక్కో తుపాకీకి రోజుకు మూడు వందల డాలర్లు కడితే, పంజరాల్లో పెంచిన పుంజుల్ని వదిలి మరీ వేటాడనిస్తాడు. కంచెకు ఇవతల అందరిదీ అయిన ప్రభుత్వ భూమి, దాని నిండా ఏపుగా పెరిగిన జమ్ముగడ్డి. అక్కడ కట్టేదేమీ లేదు, ఈమధ్య దొరికేదీ ఏమీ లేదు. రెండు సీజన్లుగా వెర్లిన్ ఆ జమ్ములో కాళ్లరిగేలా తిరిగి ఖాళీ సంచితో ఇల్లు చేరుతున్నాడు. పైగా కుడికన్ను మసకబారుతోంది. వచ్చే ఏడు తుపాకీ పట్టడం కుదరదని డాక్టరు తేల్చేశాడు.

"డ్వేన్ దగ్గరికి వెళ్దాం నాన్నా, నేను కడతాను," అని క్రెయిగ్ ఫోనులో బతిమాలాడు.

"డబ్బిచ్చి కొట్టేది వేటెలా అవుతుందిరా? అది కోడిమాంసం కొనుక్కోవడం," అని ఆయన కసిరి ఫోను పెట్టేశాడు.

ముసలాయన చివరికి ఉత్త చేతులతో తుపాకీ అటకెక్కించడం క్రెయిగ్ చూడలేకపోయాడు. అందుకే వారం కిందట డ్వేన్‌కు చాటుగా డబ్బు కట్టాడు. శనివారం సాయంత్రం డ్వేన్ ఆరు పుంజుల్ని కంచె పక్కన వదలాలి. తెల్లారేలోపు అవే జమ్ములోకి నడిచొస్తాయి. మిగతాది కుక్క చూసుకుంటుంది.

"పది," అన్నాడు వెర్లిన్. కుక్క టిల్లీ అందరికంటే ముందు దూకింది.

"కంచె వైపు నుంచి మొదలుపెడదాం నాన్నా."

"ఎందుకూ? అక్కడేమైనా దాచిపెట్టావా?"

"అబ్బే... జమ్ము అటే దట్టంగా ఉంది కదా అని."

"గాలి వాయవ్యం నుంచి కొడుతోంది. రాత్రి మంచు పడింది. పుంజు గాలి తగలకుండా, ఎండ తగిలేచోట కూచుంటుంది. అంటే అదిగో, ఆ కోసేసిన మొక్కజొన్న చేనును ఆనుకున్న జమ్ము మూల. నువ్వు చుట్టూ తిరిగెళ్లి ఆ చివర నిలబడు. అది లేచేముందు పరుగు తీస్తుంది. నిన్ను చూసి ఆగాలి."

అది కంచెకు పూర్తిగా ఎదురు దిక్కు. క్రెయిగ్ చేసేదేమీ లేక వెళ్లి నిలబడ్డాడు. కట్టిన డబ్బంతా వెనకాల కంచె దగ్గర తీరిగ్గా గింజలేరుకుంటూ ఉంటుందని తలచుకుంటే అతనికి కడుపు మండింది.

"కంచెకేసి ఏం చూస్తావురా? నాకేసి చూడు!" జమ్ములోంచి కేక వినిపించింది.

ముసలాయన నాలుగడుగులకోసారి ఆగుతూ గంటసేపు నడిచాడు. మూల దగ్గరపడేసరికి టిల్లీ ముక్కు నేలకు ఆనించి, తోక బిగించింది. టపటపమంటూ ఒకటి లేచింది.

"పెట్ట! పెట్ట!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. పెట్టను కొట్టకూడదు. వెర్లిన్ తుపాకీ దించాడు. ఆ వెంటనే ఇంకొకటి గొంతు చించుకుంటూ నిట్టనిలువునా లేచి, గాలికి అడ్డం తిరిగింది.

"పుంజు!"

మొదటి గుండు వృథా అయింది. రెండో గుండుకు పుంజు దబ్బున జమ్ములో పడింది.

క్రెయిగ్‌కు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పంజరంలో పెరిగింది ఇంత జోరుగా ఎగురుతుందని అతననుకోలేదు. డ్వేన్ సరుకు మంచిదే. రాత్రికి రాత్రి ఇంత దూరం నడిచొచ్చిందన్నమాట. మధ్యాహ్నందాకా వెతికినా మిగతా ఐదూ కనిపించలేదు. నక్కల పాలై ఉంటాయని సరిపెట్టుకున్నాడు.

వెర్లిన్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద పుంజును ఒలవసాగాడు. పుంజేనని వేట అధికారికి తెలిసేలా ఒక కాలు కొయ్యకుండా ఉంచాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అరవై మూడేళ్లురా! మొదటిదీ ఈ జమ్ములోనే, ఆఖరిదీ ఈ జమ్ములోనే. రేపు ఊళ్లో కాఫీ దగ్గర ఒక్కొక్కణ్నీ కూచోబెట్టి చెప్తాను."

ఆ కాఫీ బల్ల దగ్గర డ్వేన్ కూడా కూర్చుంటాడు. అతని నోట ఒక్క మాట జారితే ఊరంతా కలిసి ముసలాయన్ని ఏడాది పొడుగునా ఆటపట్టిస్తుంది. అదేదో ఆయన తన నోటినుంచే వినడం నయమని క్రెయిగ్‌కు అనిపించింది.

"నాన్నా, తిట్టనంటే ఒకటి చెప్తాను. అది అడవి పుంజు కాదు. నేనే డ్వేన్‌కి డబ్బిచ్చి ఆరింటిని వదిలించాను."

వెర్లిన్ తలెత్తలేదు. "ఆరా?"

"ఆరు."

"బాగానే గుంజుంటాడు."

"నువ్వు ఖాళీ చేతుల్తో మానేస్తుంటే చూడలేకపోయాను నాన్నా. తప్పే. తిట్టు."

"డ్వేన్ మంచోడే. కడుపులో మాట దాగదు, అంతే. శుక్రవారం కాఫీ తాగుతూ నన్నే అడిగాడు, కంచెకు ఏ మూలన వదిలితే నాకు వీలని."

"మరి... నువ్వేమన్నావు?"

వెర్లిన్ కత్తిని గుడ్డతో తుడిచి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్కటి కూడా వదలొద్దన్నాను."